అమాయకుడని తెలిశాక కూడా ఎందుకు వదల్లేదు? యుద్ధకాలపు ఖైదీల సినిమాలు చూపేవి, దాటేసేవి

దిలావర్ వయసు 22. ఊరు అఫ్గానిస్తాన్‌లో ఖోస్త్ దగ్గరి యాకూబీ అనే పల్లె. ఇంట్లోవాళ్ళు కొనిచ్చిన టయోటా కారును టాక్సీగా తిప్పడం మొదలుపెట్టి కొన్ని వారాలే అయింది. 2002 డిసెంబర్ 5న వాళ్ళమ్మ, పక్క ఊళ్ళలో ఉన్న ముగ్గురు ఆడపిల్లలను రంజాన్ పండక్కి తీసుకురమ్మని చెప్పింది. పెట్రోలుకు డబ్బులు కావాలి కదా అని అతను ముందు ఖోస్త్ వెళ్ళాడు. ముగ్గురు ప్యాసింజర్లు దొరికారు. తిరిగొచ్చే దారి అమెరికా సైన్యం ఉండే సలెర్నో స్థావరం పక్కనుంచి పోతుంది. ఆ ఉదయమే ఆ స్థావరం మీద రాకెట్లు పడ్డాయి. అక్కడి అఫ్గాన్ సాయుధులు కారు ఆపి వెతికితే డిక్కీలో ఒక కరెంటు స్టెబిలైజర్ కనిపించింది. అంతే, నలుగురినీ అమెరికన్లకు అప్పగించేశారు. ఐదు రోజుల తర్వాత, డిసెంబర్ 10న, బగ్రామ్ జైల్లో దిలావర్ చనిపోయాడు.

అతని చేతులకు సంకెళ్ళు వేసి, గొలుసులతో సెల్ పైకప్పుకు కట్టి, నిద్రపోనివ్వకుండా గంటల తరబడి నిలబెట్టారు. మోకాలికి కాస్త పైన, పక్కగా ఉండే నరం మీద తమ మోకాళ్ళతో పొడిచారు. దెబ్బ పడ్డప్పుడల్లా అతను ‘అల్లా’ అని అరిచేవాడు. ఆ అరుపు వినడానికే కాపలావాళ్ళు వంతులవారీగా వచ్చి కొట్టారనీ, ఒక్క రోజులోనే వందకు పైగా దెబ్బలు పడి ఉంటాయనీ సైనికుల వాంగ్మూలాల్లోనే ఉంది. శవపరీక్ష చేసిన సైనిక వైద్యురాలు ఆ కాళ్ళ కండరాలు చితికి ముద్దయిపోయాయనీ, బస్సు కింద పడ్డ మనిషి కాళ్ళు అలా ఉంటాయనీ చెప్పింది.

అలెక్స్ గిబ్నీ 2007లో ఈ ఉదంతం చుట్టూ ‘టాక్సీ టు ద డార్క్ సైడ్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. దానికి ఆస్కార్ వచ్చింది. ఆ దెబ్బల గురించి వినడం కష్టమే. నన్ను మాత్రం ఇంకో వివరం ఇప్పటికీ వదలడం లేదు. చివరి విచారణ నాటికి, అతన్ని ప్రశ్నించినవాళ్ళలో చాలామందికి ఇతను ఏ పాపం ఎరగని టాక్సీ డ్రైవరని అర్థమైపోయింది. అంతకంటే ఘోరం, దిలావర్‌ను పట్టిచ్చిన సాయుధుల నాయకుడే ఆ స్థావరం మీద రాకెట్లు వేయించి, దారిన పోయేవాళ్ళను పట్టిచ్చి అమెరికన్ల నమ్మకం సంపాదిస్తున్నాడని తర్వాత అమెరికా సైన్యమే అనుమానించి అతన్ని కూడా లోపలేసింది. అమాయకుడని తెలిశాక కూడా గొలుసులు ఎందుకు విప్పలేదు?

ఇలాంటి సినిమాల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం రెండు తప్పులను వేరువేరుగా చూస్తాం. తప్పుడు మనిషిని పట్టుకోవడం ఒకటి, పట్టుకున్న మనిషిని హింసించడం ఇంకొకటి. మొదటిది పొరపాటు, రెండోది క్రూరత్వం అనుకుంటాం. ఈ సినిమాలు వరసపెట్టి చూస్తూ పోతే నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ రెండూ ఒకే తాడుకు రెండు కొసలు. పట్టుకున్నవాడు నిజంగా శత్రువా కాదా అని అడిగే నాథుడు లేనప్పుడు, ఆ ప్రశ్నకు జవాబు ఖైదీ నోటి నుంచే రాబట్టాలి. రాకపోతే కొట్టాలి. కొడితే ఏదో ఒకటి ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలే అతన్ని లోపల ఉంచడానికి సాక్ష్యం అవుతుంది. అందుకే ఈ సినిమాల్లో విచారణ గది కంటే ముందు చూడాల్సింది, మనిషి ఆ గదిలోకి ఎలా వచ్చాడు, ఎవరి మాట మీద వచ్చాడు, ఏ కాగితం మీద వచ్చాడు అన్నది.

కాస్త చట్టం సంగతి చెప్పుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. 1949 ఆగస్టు 12 నాటి జెనీవా ఒప్పందాలు నాలుగు. మూడోది యుద్ధఖైదీల గురించి, నాలుగోది పౌరుల గురించి. యుద్ధంలో పట్టుబడ్డ సైనికుడు తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక నంబరు చెబితే చాలు. అంతకుమించి చెప్పమని బలవంతం చేయకూడదు. పట్టుబడ్డవాడు సైనికుడో కాదో అనుమానం ఉంటే, మూడో ఒప్పందంలోని 5వ అధికరణ ప్రకారం తగిన ట్రిబ్యునల్ ముందు తేల్చాలి. తేలేదాకా అతన్ని యుద్ధఖైదీగానే చూడాలి.

ఇదేమీ పుస్తకాల్లో మిగిలిపోయిన నీతి కాదు. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైన్యం ఇలాంటి ట్రిబ్యునళ్ళు 1,196 నడిపింది. అందులో 886 మంది అసలు సైనికులే కాదని, యుద్ధంలో చెదిరిపోయిన మామూలు జనమని తేలింది. అంటే నలుగురిలో దాదాపు ముగ్గురు. సైన్యం ఎంత జాగ్రత్తగా ఉన్నా యుద్ధభూమిలో పట్టుకునేటప్పుడు ఇంత పొరపాటు జరుగుతుంది. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆ జల్లెడ పెట్టారు.

2002 ఫిబ్రవరి 7న అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన ఒక ఆదేశం ఆ జల్లెడను తీసేసింది. అల్ ఖైదాకు జెనీవా ఒప్పందాలు వర్తించవు, తాలిబాన్లు యుద్ధఖైదీలు కారు అని అందులో ఉంది. అందరినీ కలిపి ముందే తేల్చేశారు కాబట్టి ఒక్కొక్కరినీ విడిగా తేల్చే పని లేకుండా పోయింది. అదే సమయంలో అఫ్గానిస్తాన్‌లో ఆకాశం నుంచి కరపత్రాలు చల్లారు. ఉగ్రవాదులను పట్టిస్తే జీవితంలో చూడనంత డబ్బు ఇస్తామని వాటి సారాంశం. పాకిస్తాన్ 369 మందిని అమెరికాకు అప్పగించిందని, అందుకు లక్షల డాలర్ల బహుమానాలు వచ్చాయని అప్పటి పాక్ అధ్యక్షుడు ముషారఫ్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. క్యూబా గడ్డ మీద అమెరికా పెట్టిన గ్వాంటనామో జైల్లో ఉన్న 517 మంది గురించి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన పత్రాలనే సీటన్ హాల్ విశ్వవిద్యాలయం న్యాయ విభాగం 2006లో లెక్కగట్టింది. వాళ్ళలో అమెరికా సైన్యం స్వయంగా పట్టుకున్నది 5 శాతమే. 86 శాతం మందిని పాకిస్తానో, తాలిబాన్లతో పోరాడిన అఫ్గాన్ ఉత్తర కూటమో పట్టుకుని అప్పగించింది. మన ఊళ్ళో పాతకక్షలున్న ఇద్దరిలో ఒకడికి ఇలాంటి కరపత్రం దొరికితే ఏం జరుగుతుందో ఊహించుకోండి.

గిబ్నీ సినిమా ఈ గొలుసును ఓపిగ్గా పట్టుకుని వెళ్తుంది. బగ్రామ్‌లో విచారణ బృందాన్ని నడిపిన అధికారిణి తర్వాత ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలుకు వెళ్ళింది. ఆమెతో పాటు ఆ పద్ధతులూ వెళ్ళాయి. దిలావర్ కారులో ఎక్కిన ముగ్గురినీ గ్వాంటనామోకు పంపి, పదిహేను నెలలకు వదిలేశారు. వాళ్ళ చేతిలో పెట్టిన కాగితంలో వీళ్ళ వల్ల అమెరికా సైన్యానికి ముప్పు లేదని రాశారు. తప్పు చేశాం అని మాత్రం రాయలేదు. దిలావర్ శవంతో పాటు కుటుంబానికి ఇచ్చిన మరణ ధ్రువపత్రం ఇంగ్లీషులో ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. నెలల తర్వాత న్యూయార్క్ టైమ్స్ విలేకరి ఒకామె వాళ్ళింటికి వెళ్తే, అన్నదమ్ముల్లో ఒకరు మడిచి దాచుకున్న ఆ కాగితం తీసి చూపించారు. మరణ కారణం దగ్గర ‘హత్య’ అన్న గడిలో టిక్ ఉంది. అప్పటిదాకా సైన్యం సహజ మరణమనే చెబుతోంది. ఈ కేసులో శిక్ష పడ్డ సైనికులు ఉన్నారు, అయితే ఎవరికీ కొద్ది నెలలకు మించి జైలు పడలేదు.

సినిమా చివర్లో గిబ్నీ తన తండ్రిని కూర్చోబెడతాడు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఖైదీలను ప్రశ్నించిన నౌకాదళ అధికారి. మరణానికి కొద్దికాలం ముందు, ఈ దేశం ఇలా తయారైనందుకు కోపంగా మాట్లాడతాడు. చిత్రహింసలు లేకుండా విచారణ ఎలా కుదురుతుందని అడిగేవాళ్ళు ఆ కొన్ని నిమిషాలైనా చూడాలి.

ఒప్పుకోలు సాక్ష్యంగా ఎలా మారుతుందో ‘ద రోడ్ టు గ్వాంటనామో’ (2006) చూపినంత స్పష్టంగా ఇంకే సినిమా చూపలేదు. మైకేల్ వింటర్‌బాటమ్, మాట్ వైట్‌క్రాస్ కలిసి తీశారు. ఇంగ్లండ్‌లోని టిప్టన్ అనే చిన్న ఊరి కుర్రాళ్ళు ముగ్గురు, షఫీక్ రసూల్, ఆసిఫ్ ఇక్బాల్, రుహాల్ అహ్మద్. 2001 సెప్టెంబర్‌లో ఆసిఫ్ పెళ్ళి కోసం పాకిస్తాన్ వెళ్ళారు. అక్కడి నుంచి అఫ్గానిస్తాన్ వెళ్ళారు. అక్కడ అమెరికా బాంబులు పడుతున్నాయి. ఎందుకు వెళ్ళారయ్యా అని మనకు కోపం వస్తుంది. సినిమా ఆ కోపాన్ని దాచిపెట్టదు, కుర్రచేష్ట అని ఒప్పుకుంటుంది. కానీ తెలివితక్కువ ప్రయాణం నేరం కాదు కదా. ఉత్తర కూటమికి చిక్కారు, ఊపిరాడని కంటైనర్ లారీలో జైలుకు చేరారు, ఆ తర్వాత గ్వాంటనామో.

అక్కడ వాళ్ళకు ఒక వీడియో చూపించారు. 2000లో బిన్ లాడెన్ పాల్గొన్న సభ అది. జనంలో ఉన్న ముగ్గురు మీరే అన్నారు. మేం ఆ సమయంలో ఇంగ్లండ్‌లో ఉన్నాం అని షఫీక్ మొత్తుకున్నాడు. ఎలక్ట్రానిక్స్ షాపులో ఉద్యోగం చేస్తున్నాను, అక్కడి రికార్డులు చూడండి అన్నాడు. నెలల తరబడి ఒంటరి గదిలో పెట్టారు. పెద్ద చప్పుడుతో సంగీతం, మిరుమిట్లు గొలిపే దీపాలు, గొంతుక్కూర్చోబెట్టి నేలకు గొలుసులు. చివరికి ముగ్గురూ అవును, అది మేమే అనేశారు. ఆ తర్వాత బ్రిటిష్ నిఘా సంస్థ రికార్డులు చూస్తే, ఆ రోజుల్లో వాళ్ళు నిజంగానే ఇంగ్లండ్‌లో ఉన్నారని తేలింది. ఒక్క ఫోన్ కాల్‌తో తేలాల్సిన విషయం. 2004 మార్చిలో వదిలేశారు. ఏ కేసూ పెట్టలేదు.

ఈ సినిమాకు బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకత్వానికి వెండి ఎలుగుబంటి బహుమతి వచ్చింది. ఆ ఉత్సవం నుంచి ఇంటికి వెళ్తున్న నటులను లూటన్ విమానాశ్రయంలో పోలీసులు ఆపి, ఉగ్రవాద చట్టం కింద ప్రశ్నించారు. వాళ్ళలో షఫీక్ వేషం వేసిన రిజ్ అహ్మద్ ఒకడు. సినిమాలో ఏం చెప్పారో అదే విమానాశ్రయంలో జరిగింది. రూపు చూసి అనుమానం, అనుమానం తీరేదాకా ప్రశ్నలు.

షఫీక్ పేరు మీదే నడిచిన కేసులో 2004 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు, గ్వాంటనామో ఖైదీలకు కోర్టు గుమ్మం తొక్కే హక్కు ఉందని చెప్పింది. అప్పుడు హడావుడిగా సమీక్షలు మొదలయ్యాయి. 558 మందికి విచారణలు జరిగితే 38 మంది విషయంలో ‘ఇకపై శత్రు యోధుడు కాదు’ అని తేల్చారు. ఆ ‘ఇకపై’ అన్న మాట చూడండి. ఎప్పుడూ కాదు అని రాస్తే పొరపాటు ఒప్పుకున్నట్టు. అందుకని, నిన్నటిదాకా శత్రువే, ఇవాళ్టి నుంచి కాదు అన్నట్టు రాశారు. అమాయకుడని తెలిశాక కూడా ఎందుకు వదల్లేదన్న ప్రశ్నకు సగం జవాబు ఆ ఒక్క మాటలో ఉంది. వదిలితే తప్పు బయటపడుతుంది. దాన్ని ఒప్పుకునే ధైర్యం ఏ కుర్చీలోనూ లేదు.

‘ద మారిటేనియన్’ (2021) ఈ కోణాన్నే హాలీవుడ్ పద్ధతిలో చెప్పింది. కెవిన్ మెక్‌డొనాల్డ్ దర్శకుడు. మహమ్మదూ ఉల్ద్ స్లాహీ పాత్రలో తహార్ రహీమ్, అతని లాయరు నాన్సీ హోలాండర్ పాత్రలో జోడీ ఫాస్టర్. స్లాహీని 2001 నవంబర్‌లో పశ్చిమ ఆఫ్రికాలోని మారిటేనియాలో ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్ళారు. జోర్డాన్, బగ్రామ్ మీదుగా 2002 ఆగస్టులో గ్వాంటనామో చేర్చారు. ఆ తర్వాత ఒక్క అభియోగం కూడా మోపకుండా 2016 అక్టోబర్ దాకా ఉంచారు. ఈ సినిమాలో చిత్రహింసల భాగం ముసుగులు, దీపాలు, అరుపులతో పీడకలలా సాగుతుంది. అక్కడ తెర ఇరుకైపోయి పాత టీవీ అంత చదరం అవుతుంది. ఆ సెల్ ఇరుకు మనకూ తెలియాలని అలా చేశారు. బాగానే పనిచేసింది. నన్ను మాత్రం పట్టుకున్నది లాయరు ఫైలు తెరిచే సన్నివేశం. పెట్టెలకు పెట్టెలు కాగితాలు వస్తాయి, తెరిస్తే పేజీ నిండా నల్ల గీతలు. ప్రభుత్వం కొట్టేసిన అక్షరాల మధ్య మిగిలిన పదాలు ఏరుకోవాలి. స్లాహీ జైల్లో చేత్తో రాసిన 466 పేజీల పుస్తకం కూడా 2015లో 2,500కు పైగా నల్ల చారలతోనే అచ్చయింది.

స్లాహీ కథలో ఒక దొంగ ఉత్తరం ఉంది. మీ అమ్మను కూడా ఇక్కడికి తీసుకొస్తున్నాం అని స్లాహీని నమ్మించడానికి విచారణాధికారులు తయారుచేసిన కాగితం. దాంతో అతను మీకేం కావాలంటే అది ఒప్పుకుంటాను అనేశాడు. ఆ ఒప్పుకోళ్ళను పట్టుకుని ఉరిశిక్ష అడగాల్సిన సైనిక ప్రాసిక్యూటర్ స్టూవర్ట్ కౌచ్. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ ట్రేడ్ సెంటర్ టవర్‌ను ఢీకొట్టిన రెండో విమానానికి కో-పైలట్ అతని మిత్రుడు. ఎవరికైనా కసి ఉండాలంటే అతనికే ఉండాలి. అతనే ఈ సాక్ష్యం చెల్లదు, నేను ఈ కేసు నడపను అని తప్పుకున్నాడు. 2010లో ఫెడరల్ జడ్జి స్లాహీని వదలమన్నాడు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. వదిలింది ఇంకో ఆరేళ్ళకు పైనే.

అయినా జనంలో ఒక నమ్మకం బలంగా ఉంది. కొడితేనే నిజం వస్తుంది అని. మన పోలీసు సినిమాలు కూడా దాన్ని పెంచి పోషించాయి. లాకప్పులో నాలుగు తగిలించగానే విలన్ అడ్రస్ బయటికొచ్చేస్తుంది, మనం ఈల వేస్తాం. ‘జీరో డార్క్ థర్టీ’ (2012) మీద గొడవ దీని గురించే. బిన్ లాడెన్ జాడ చిత్రహింసల వల్లే దొరికిందన్న అభిప్రాయం ఆ సినిమా కలిగిస్తోందని, అది నిజం కాదని ముగ్గురు అమెరికా సెనేటర్లు దాన్ని విడుదల చేసిన సోనీ పిక్చర్స్‌కు ఉత్తరం రాశారు. ఆ ముగ్గురిలో జాన్ మెకెయిన్ ఒకరు. వియత్నాం యుద్ధంలో ఐదున్నరేళ్ళు హనోయ్‌లో ఖైదీగా ఉండి చిత్రహింసలు అనుభవించిన మనిషి ఆయన. దెబ్బలకు మనిషి ఏం చెబుతాడో ఆయనకు తెలియక కాదు.

దానికి జవాబులా వచ్చింది ‘ద రిపోర్ట్’ (2019). కిటికీలు లేని గదిలో కూర్చుని ఒక సెనేట్ ఉద్యోగి ఏళ్ళ తరబడి అమెరికా నిఘా సంస్థ సీఐఏ చిత్రహింసల కాగితాలు చదవడమే కథ. ఆ శ్రమ ఫలితం 6,700 పేజీల నివేదిక. అందులో 525 పేజీల సారాంశం మాత్రం 2014 డిసెంబర్ 9న బయటికొచ్చింది. సీఐఏ రహస్య జైళ్ళలో ఉంచిన 119 మందిలో కనీసం 26 మంది, సంస్థ సొంత నిబంధనల ప్రకారం చూసినా, పట్టుకోకూడనివాళ్ళని ఆ నివేదిక తేల్చింది. సినిమాగా ఇది కాస్త పొడిగా ఉంటుంది. జనం ‘జీరో డార్క్ థర్టీ’నే ఎక్కువ చూశారు. అందుకే నాకు దిగులు.

అబూ గ్రైబ్‌లో ఖైదీలను హింసిస్తూ అమెరికా సైనికులు తీసుకున్న ఫోటోలు 2004 ఏప్రిల్ 28న టీవీలో వచ్చినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. వాటి మీద ఎరల్ మారిస్ తీసిన ‘స్టాండర్డ్ ఆపరేటింగ్ ప్రొసీజర్’ (2008) ఆ ఫోటోలు తీసిన సైనికులను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించింది. ఫోటో అంచుకు అవతల ఎవరున్నారు అన్న మంచి ప్రశ్న వేసింది. కానీ ఫోటో మధ్యలో ఉన్న ఇరాకీల గొంతు అందులో ఒక్కటీ లేదు. రోరీ కెనడీ తీసిన ‘ఘోస్ట్స్ ఆఫ్ అబూ గ్రైబ్’ (2007)లో కొందరు మాజీ ఖైదీలు మాట్లాడతారు కాబట్టి, నాకు అదే మేలనిపిస్తుంది. ఇరాక్‌లో పట్టుకున్నవాళ్ళలో 70 నుంచి 90 శాతం మందిని పొరపాటున పట్టుకున్నట్టు తమ అంచనా అని సైనిక నిఘా అధికారులే రెడ్‌క్రాస్‌కు చెప్పారు. 2004 ఫిబ్రవరి నాటి రెడ్‌క్రాస్ నివేదికలో ఆ మాట ఉంది. ఈ ఒక్క అంకె తెలిశాక ఆ ఫోటోలు మళ్ళీ చూడటం ఇంకా కష్టం.

తెలియక చేశారా అంటే, అదీ కాదు. 2003 ఆగస్టు 27న అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్‌లో ‘ద బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ (1966) ప్రదర్శించారు. అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం చిత్రహింసలతో తిరుగుబాటును అణిచి, చివరికి ఆ దేశాన్నే పోగొట్టుకున్న చరిత్ర అది. మొదటి దృశ్యమే విచారణ గది. దెబ్బలకు లొంగి తోటివాళ్ళ జాడ చెప్పేసిన ఒక బక్కపలచని మనిషి, ఒళ్ళు వణుకుతూ, కళ్ళలో నీళ్ళతో నిలబడి ఉంటాడు. ఫ్రెంచి సైనికులు అతనికి తమ యూనిఫాం తొడుగుతుంటారు. ఆ ముఖం చూశాక ఎవరూ మర్చిపోలేరు. పెంటగాన్ అధికారులు ఆ సినిమా చూసిన కొద్ది వారాలకే, అక్టోబర్ నుంచి, అబూ గ్రైబ్‌లో ఆ ఫోటోలు తీయడం మొదలైంది.

ఇక పాత సినిమాల్లో అందరికీ తెలిసినది ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వై’ (1957). ఏడు ఆస్కార్లు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం థాయిలాండ్, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుదారి వేయించిన కథ. దాదాపు 60,000 మంది యుద్ధఖైదీలు పనిచేశారు, 12,000 మందికి పైగా చనిపోయారు. సినిమా వాళ్ళ గురించే. అయితే అదే దారి మీద సుమారు 2 లక్షల మంది ఆసియా కూలీలు కూడా పనిచేశారు. వాళ్ళలో దాదాపు 90,000 మంది చనిపోయారని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన భారతీయుల్లో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. కాంచనబురిలోని శ్మశానవాటికలో సైనికులకు వరసగా పేర్లున్న రాళ్ళు కనిపిస్తాయి. అక్కడ మన కూలీలకు రాయీ లేదు, సినిమాలో చోటూ లేదు. వాళ్ళు యుద్ధఖైదీలు కాదు కాబట్టి ఏ సైన్యం దగ్గరా వాళ్ళ పేర్ల పట్టీ లేదు.

ఇదంతా ఎక్కడో పరాయి దేశాల సంగతి అనుకోవడానికి లేదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్న చైనా సంతతివాళ్ళను మన ప్రభుత్వం పట్టుకెళ్ళి రాజస్థాన్‌లోని దేవళీ క్యాంపులో పెట్టింది. సుమారు 3,000 మంది. చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు. అస్సామీయో, నేపాలీయో, హిందీయో తప్ప చైనీసు సరిగా రానివాళ్ళూ ఉన్నారు. వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్ళు, హోటల్ నడిపేవాళ్ళు, బడిపిల్లలు, గర్భిణులు. తలుపు కొట్టి, కొద్దిరోజులే, కట్టుబట్టలు తీసుకోండి అన్నారు. రైల్లో వారం రోజుల ప్రయాణం. దారిలో జనం రాళ్ళు వేశారని బతికున్నవాళ్ళు చెబుతారు. క్యాంపులోనే పిల్లలు పుట్టారు, ముసలివాళ్ళు పోయారు. 1963లో చైనా పంపిన ఓడల్లో రెండు వేల మందికి పైగా మద్రాసు రేవు నుంచి, ఎప్పుడూ చూడని ‘సొంత’ దేశానికి వెళ్ళిపోయారు. చివరివాళ్ళను వదిలేసరికి 1967. తిరిగొచ్చి చూసుకుంటే ఇళ్ళూ దుకాణాలూ వేలంలో పోయాయి. ఒక్కరి మీదా గూఢచర్యం రుజువు కాలేదు.

అమెరికా కూడా 1942లో ఇదే చేసింది. జపాన్ సంతతికి చెందిన 1,20,000 మందిని క్యాంపుల్లో పెట్టింది. కానీ 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. దాని మీద అక్కడ సినిమాలు, డాక్యుమెంటరీలు గుట్టలుగా వచ్చాయి. దేవళీ మీద చెప్పుకోదగ్గది రఫీక్ ఎలియాస్ తీసిన ‘బియాండ్ బార్బ్‌డ్ వైర్స్’ అనే డాక్యుమెంటరీ. మన ప్రభుత్వం నుంచి ఇప్పటిదాకా క్షమాపణ లేదు. యుద్ధం మీద భారీ సినిమాలు తీసే మన పరిశ్రమల్లో ఎవరికీ దేవళీ రైలు ఎందుకు కనిపించలేదో నాకు అర్థం కాదు. ఆ రోజు బడికెళ్ళే వయసులో ఉన్నవాళ్ళకు ఇప్పుడు డెబ్భై దాటింది.

మన తెలుగులో ఈ దారికి దగ్గరగా వచ్చింది ‘తండేల్’ (2025). అది యుద్ధం కాదు, కానీ రెండు దేశాల పగ మధ్య చిక్కుకున్న మామూలు మనుషుల కథ. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, పెద్ద పడవలు నిలిపే రేవు లేక మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతారు. 2018 నవంబర్‌లో అలా వెళ్ళినవాళ్ళు సముద్రంలో సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. నీళ్ళ మీద గీత ఎక్కడుందో పడవలో ఉన్నవాడికి తెలియదు. ఆ పక్కనే గుజరాత్, పాకిస్తాన్‌ల మధ్య ఉన్న సర్ క్రీక్ అనే పాయ దగ్గర ఆ గీత మీద రెండు ప్రభుత్వాలకే ఒప్పందం లేదు. వీళ్ళు కరాచీ జైల్లో ఉండగానే పుల్వామా జరిగింది, బాలాకోట్ జరిగింది. 2020 జనవరి మొదటి వారంలో 20 మంది వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు.

సినిమా ప్రేమకథగా బాగుంది, కానీ జైలు భాగంలోకి వచ్చేసరికి కొట్లాటలు, నినాదాల వైపు వెళ్ళిపోయింది. నిజానికి ఈ మత్స్యకారుల్ని లోపల ఉంచేది కర్కోటకుడైన జైలరు కంటే ఎక్కువగా ఒక ఫారం. పట్టుబడ్డవాడు భారతీయుడేనని మన దేశం ధ్రువీకరించాలి. జైల్లో రాసుకున్న పేరు ఉర్దూలో, మనవాళ్ళ ఆధార్‌లో తెలుగు, ఇంగ్లీషుల్లో, ఊరి పేరు ఇంకోలా. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ జాబితాలో మన మనిషి పేరు ఉందా, ఉంటే సరిగ్గా ఉందా అని తెలుసుకోవడానికి ఎచ్చెర్ల మండలంలోని ఊళ్ళ ఆడవాళ్ళు, చంకలో పిల్లలతో, ఫోటోలు పట్టుకుని అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ పద్నాలుగు నెలలు తిరిగారు.